ఒంటినిండా బట్ట

“చేతులెత్తు తల్లీ.”

పిల్లతల్లి ఎత్తింది. పెద్దావిడ గౌను అంచు పట్టుకుని కిందికి లాగి చూసింది. మణికట్లు కనిపించలేదు. మడమలు కనిపించలేదు. గుడ్డ పలచగా ఉందేమోనని కిటికీ వెలుతురుకు అడ్డంగా నిలబెట్టి మరీ చూసింది.

“ముస్లిం దేశం కదా, నల్లదే వేసుకోవాలని అందరూ అన్నారు...” పిల్లతల్లి నసిగింది.

“వాళ్ల మొహం. వదులుగా ఉండి ఒళ్లు దాగితే చాలు. ఇక్కడి ఇళ్లల్లో ఏళ్లతరబడి వండి పెట్టాను, నాకు తెలీదూ?” పెద్దావిడ తలగుడ్డ లోపలికి వెంట్రుకలు దోపింది. “విమానం దిగినప్పుడు నీ పొట్టిచేతుల జాకెట్టు చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇదిగో, ఇక్కడ జిప్పు కుట్టించాను. పిల్లాడికి పాలిచ్చినా ఎవరి కంటా పడదు.”

పిల్లతల్లికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గది చూసింది, తిండి చూసింది, పిల్లాడి జ్వరానికి మందు తెచ్చింది మహాతల్లి. ఇంత చేస్తుంటే దేనికీ కాదనడానికి నోరు రాదు.

కారు డ్రైవరు మన భాషవాడే. అద్దంలోంచి చూసి నవ్వాడు. “ఇలాంటి అత్తగారు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మా! ఒక్కసారి మా అమ్మకు చూపించాలి.”

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. అతను నాలిక్కరుచుకున్నాడు.

పెద్దావిడ పిల్లాడి పాదాలు ముద్దుపెట్టుకుంటూనే ఉంది. “జడ్జి ముందు తల వంచుకుని నిలబడు. ఏడవకు. నేర్పిన మాట నెమ్మదిగా చెప్పు. ఇక్కడి చట్టం ప్రకారం నీ మాటతోనే వాడికి ఉరి తప్పాలి.”

పిల్లతల్లి తలూపింది. తీరా సమయానికి చెప్పాల్సింది చెప్పగలనో లేదోనని ఒకటే దిగులు.

కోర్టు గుమ్మం దగ్గర పోలీసామె ఆమెను ఎగాదిగా చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. లోపలికి వెళ్లమంది. పెద్దావిడ అమ్మయ్య అనుకుంది.

బోనులో అతను ఎముకల గూడులా నిలబడి ఉన్నాడు. పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జడ్జి ఏదో అడిగాడు. దుబాసీ వంగి మన భాషలో చెప్పాడు: “మీ మాటేమిటో చెప్పమంటున్నారమ్మా.”

పిల్లతల్లి తలెత్తింది.

పెద్దావిడ చంకలోంచి పిల్లాణ్ణి తీసేసుకుని, “మా ఆయన్ని పొడిచి చంపిన ఈవిడ కొడుకుని నేను క్షమించనని చెప్పండి” అంది.