నీడకని వచ్చిన నెమలి

వానలు వెనకబట్టాక నీలయ్య అనే నెమలికి పింఛమంతా రాలిపోయింది. ఇక తనను నెమలి అని ఎవరంటారని ఒకటే దిగులు. రాలిన ఈకల్ని ముక్కున కరుచుకుని, ఎవరి కంటా పడకుండా రెల్లుపొదలో దూరాడు.

అక్కడ పాత డొప్ప వదిలి ఒళ్ళు మెత్తబడ్డ పీతమ్మా, తోక ఊడిన బల్లీ కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటున్నారు.

నీలయ్య ఈకలు కింద పెట్టి, "ఊరికే నీడకని వచ్చాను," అన్నాడు.

"మొదటిరోజు మేమూ నీడకే వచ్చాంలే నాయనా," అంది బల్లి.

"ఇవి మళ్ళీ అతుక్కుంటాయంటారా?"

"ఏమో, మాకేం తెలుసు. నేనైతే నా పాత డొప్పలో దూరాలని రెండు రోజులు పెనుగులాడాను. ఎటు తిరిగినా పట్టలేదు," అంది పీతమ్మ.

బల్లి కిచకిచ నవ్వింది. చాన్నాళ్ళకి నీలయ్యకూ నవ్వొచ్చింది. ఈకల్ని అక్కడే వదిలేసి పీతమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"బాగా నొప్పి పుట్టిందా అక్కా?" అని అడిగాడు.