పిరికి స్విచ్చు

"నల్లా కరుస్తదా? ఏందమ్మా, దానికి కోరలు మొలిచినయా?"

సదాశివ పకపకా నవ్వాడు. ఆరేళ్ల మనవరాలు కల్పలత మూతి ముడుచుకుంది.

"నిజంగనే తాతా. చెయ్యి పెట్టంగనే చటుక్కున ఒక్కసారి కొరుకుతది. మళ్ల కొరకదు."

"నన్ను సుత కొరికింది మామయ్యా," అంది కోడలు అనుపమ, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ. "బాత్రూంల ఎర్త్ లేదు. వైర్లు ముట్టుకుంటే పొడి రాలుతున్నయి. పిల్ల రోజూ పొద్దున ఏడింటికి ఆ గీజరు కిందనే స్నానం చేస్తది. నాకు భయమైతుంది. వైరింగ్ మార్పిద్దాం."

వైరింగ్ మార్చడం! ఆ మాట వింటే చాలు, సదాశివకు ఒళ్లు మండుతుంది. రెజిమెంటల్ బజార్‌లోని ఆ ఇంటికి వాళ్ల నాయన దగ్గరుండి వేయించిన వైరింగ్ అది. టేకు పట్టీలు, పింగాణీ ఫ్యూజులు, బుడిపెల్లాంటి నల్ల స్విచ్చులు. అరవై ఏళ్లలో ఒక్క బల్బు మిణుకుమన్నది లేదు. సదాశివ చేసింది రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ. అయితేనేం, కరెంటు గురించి ఆయనకు తెలియనిది కరెంటుకే తెలియదు.

"మా గీజరును చూసి నేర్చుకోవాలె," అన్నాడు. "మనిషి స్నానానికి పోంగనే ఎర్రలైటు తనంతట తానే బంద్ అయితది. కాసేపటికి మళ్ల షురూ. గంత తెలివి ఉంటదా గిప్పటి వైరింగుకు?"

పోయిన నెలలో అనుపమ ఉండబట్టలేక అల్వాల్ నుంచి ఎలక్ట్రీషియన్ యేసురాజును పిలిపించింది. అతను ముందుగదిలో ఫ్యూజు మూత తీసి, "సార్, గిది మ్యూజియంల పెట్టేది," అన్నాడు. అంతే!

"నీకు ఎన్నేండ్లు?" అన్నాడు సదాశివ.

"ముప్పై రెండు సార్."

"ఈ స్విచ్చుకు అరవై. పెద్దల ముందు నోరు జాగ్రత్త!"

బాత్రూం దాకా కూడా పోనివ్వకుండా ముందుగదిలోంచే పంపించేశాడు.

"వైరింగ్ మార్చినోళ్ల బతుకు చూస్తలేవా?" అని ఇప్పుడు కోడలికి గోడవైపు వేలు చూపించాడు.

గోడవతల ఉండేది ఆయన తమ్ముడు కిషన్. ఇరవై ఏళ్ల కింద అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకుని నడిమధ్య గోడ కట్టుకున్నారు. మీటర్లు సైతం వేరు పెట్టుకున్నారు. రెండేళ్ల కింద కిషన్ తన వాటాకు కొత్త వైరింగ్ చేయించి, ఎక్కడన్నా కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయే ట్రిప్ స్విచ్చు పెట్టించాడు. ఇక చూడండి దాని సంబడం! పొద్దున ఏడయ్యేసరికి ఠక్కున పడుతుంది. ఫ్యాను ఆగుతుంది, మిక్సీ ఆగుతుంది, కిషన్ గొణుక్కుంటూ స్టూలెక్కి దాన్ని మళ్లీ పైకి లేపుతాడు. ఏడున్నరకు మళ్లీ పడుతుంది.

సదాశివకు అది రోజూ పండగే. చాయ్ గ్లాసు పట్టుకుని గోడ దగ్గరికి పోయి మరీ అడుగుతాడు.

"ఏందిరా కిషన్, నీ పిరికి స్విచ్చు ఇయ్యాల సుత కండ్లు తిరిగి పడ్డదా? నిమ్మకాయ నీళ్లు పంపియ్యాల్నా?"

ఆ పేరు గల్లీ అంతా పాకింది. చివరికి ఇస్త్రీ బండి లచ్చమ్మ కూడా, "సారూ, పిరికి స్విచ్చుకు పానం మంచిగున్నదా?" అని పలకరించడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం కిషన్ ఓపిక నశించింది. యేసురాజును పిలిపించాడు. సదాశివ గోడకు చెవి ఆనించాడు.

"సాబ్, స్విచ్చుది తప్పు లేదు," అంటున్నాడు యేసురాజు. "యాడనో లీకేజీ ఉన్నది, గందుకే పడుతున్నది. ముందుగాల అది దొరకనియ్యిండ్రి."

"ముందుగాల ఆ స్విచ్చు పీకి డైరెక్ట్ కొట్టు! ఎన్క నీ ఇష్టం, పొద్దుగూకేదాంక ఎతుక్కో. అన్న నవ్వీ నవ్వీ నా ఇజ్జత్ తీసిండు."

పావుగంట తర్వాత, "డైరెక్ట్ చేసిన సాబ్. ఇగ పడదు," అని వినిపించింది.

సదాశివ మీసం మెలేశాడు.

"విన్నవా అనుపమా? తిరిగి తిరిగి మా నాయిన దారికే వచ్చిండు!"

"వాళ్ల సంగతి మనకెందుకు మామయ్యా?" ఈసారి అనుపమ తగ్గలేదు. "మన బాత్రూం సంగతి చెప్పుండ్రి. వైరు మార్చేదాంక పిల్లను అండ్ల అడుగు పెట్టనియ్య. కరవదంటే మీరే పోయి ముట్టుకోండ్రి."

"పోత! ఇప్పుడే పోత!"

వేన్నీళ్లంటే చాదస్తమని వెక్కిరించే చన్నీళ్ల మనిషి, పంచె ఎగగట్టి బయల్దేరాడు.

"రావే కల్పా, తలుపు కాడ నిలవడి చూడు. తాతను నల్లా కరుస్తదో, నల్లాను తాత కరుస్తడో!"

పిల్ల కిసుక్కున నవ్వింది. అనుపమ దాన్ని వెనక్కి లాగి నడుముకు అదుముకుంది.

సదాశివ గీజరు వేశాడు. ఎర్రలైటు వెలిగింది. చెంబెడు నీళ్లు కాళ్లమీద గుమ్మరించుకుని, తడి గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. కోడలి వైపు ఒకసారి వెటకారంగా చూశాడు.

"మంచిగ చూడుండ్రి!" అంటూ నల్లా మీదికి చెయ్యి చాచాడు.

అప్పుడే గోడవతల నుంచి యేసురాజు కేక వినిపించింది. "దొరికింది కిషన్ సాబ్, రోజూ స్విచ్చును పడగొట్టే లీకేజీ మీ ఇంట్లది కాదు, పాత వైరు ఒకటి మీ బోర్డుల నుంచి గోడ మీదికెల్లి పెద్ద సారు గీజరుకు పోతున్నది!"