మూడు గంటల చీకటి

“రేపొస్తమన్నోళ్లు ఇయ్యాలనే వచ్చిండ్రేంది సారూ?”

టార్చిలైటు సూటిగా ముఖమ్మీద పడేసరికి చంద్రకాంత్ కళ్లు మూసుకున్నాడు. అరగంటగా చీకటికి అలవాటు చేసుకున్న కళ్లు మళ్లీ మొదటికొచ్చాయి.

“ఎవరు తాతా, వస్తమన్నది?”

“సర్వేటోళ్లు. ఊరి భూములన్నీ రేపు కొత్తగ కొలుస్తరట. మీ మూడు కాళ్ల మిషన్ సూసి మొగులమ్మ ఊరంత పిలిసింది,” అన్నాడు టార్చి పట్టుకున్న పోచయ్య.

నిజమే, వెనక పాతికమంది నిలబడ్డారు. అందరికంటే ముందు మొగులమ్మ, చేతిలో చేటతో సహా వచ్చేసింది. హత్నూర అవతలి ఆ ఊళ్లో పొలంలో మూడు కాళ్ల స్టాండు కనబడితే ఎవరికీ ముద్ద దిగదు. కిందటిసారి అలాంటిది వచ్చిపోయాక పోచయ్య పశువుల కొట్టం మీదుగా రోడ్డు పడింది.

“నేను సర్వే మనిషిని కాదు. పటాన్‌చెరుల బోల్టుల కంపెనీల చేస్త. ఉండేది బీరంగూడల. చుక్కల ఫోటో తీసుకుందామని వచ్చిన.”

“బీరంగూడల చుక్కలు లేవా?”

లేవు. అదే అతని ఏడుపు. అక్కడ డాబా ఎక్కితే గట్టిగా ఏడు చుక్కలు, అందులో ఒకటి విమానం. ఆండ్రోమెడా గెలాక్సీని ఫోటోలో పట్టాలని మూడేళ్లుగా తంటాలు పడుతున్నాడు. ప్రతిసారీ పాలు ఒలికినట్టు ఒక మరక వస్తుంది. “జెర ఆ లెన్సు తుడువరాదూ” అంటుంది భార్య స్నిగ్ధ. ఈసారి ఎలాగైనా ఆమె నోరు మూయించాలని, మిత్రుణ్ణి బతిమాలి ట్రాకర్ తెచ్చాడు. భూమి తిరుగుతుంటే చుక్కలతోపాటు కెమెరాను మెల్లగా తిప్పే డబ్బా అది. రేపు దాన్ని తిరిగిచ్చెయ్యాలి. అంటే ఉన్నది ఈ ఒక్క రాత్రే. పేరులో చంద్రుణ్ణి పెట్టుకుని అమావాస్య కోసం కాచుకున్నవాడు జిల్లా మొత్తం మీద అతనొక్కడే అయ్యుంటాడు.

అన్నీ కుదిరాయి కానీ, పంచాయతీ ఆఫీసు ముందు కొత్త హైమాస్ట్ లైటు ఆకాశం సగానికి సున్నం కొట్టినట్టు వెలుగుతోంది.

అతను కెమెరా తెర చూపించాడు. “ఈ మచ్చ చూడు తాతా. ఈ వెలుగు అక్కడ బయలెల్లి పాతిక లక్షల ఏండ్లయింది. ఇగ ఇప్పుడు మన దాక వచ్చింది.”

“గంత దూరంకెల్లి ఇదన్న వచ్చింది. పొద్దుగాల పటాన్‌చెరు పోయిన మా అల్లుడు ఇంక రాలె,” అన్నాడు పోచయ్య.

మొగులమ్మకు వెలుగు సంగతి పట్టలేదు. “గీ మిషన్‌కు కింద ఉన్నోళ్లు కనబడుతరా?”

“కనబడరమ్మా. దీని చూపంత మీదికే.”

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పాపం, ఎంత భయపడ్డారో అనుకున్నాడు చంద్రకాంత్.

“ఇగ మీకేం గావాలె?” అడిగింది మొగులమ్మ.

“చీకటి. మూడు గంటలు ఆ పెద్ద లైటు ఆర్పితే చాలు.”

తిడతారనుకున్నాడు. ఆ ఊళ్లో బస్సు ఎక్కడ ఆగాలన్నదే నాలుగేళ్లుగా తేలలేదు. ఈ ముచ్చట మాత్రం నిమిషంలో తేలిపోయింది.

“ఒక్క లైటేంది సారూ, ఊరంత ఆర్పుతం,” అన్నాడు పోచయ్య.

“మా వాకిట్ల బుగ్గ గూడ తీసేస్త. ఎవ్వలన్న టార్చి గొడితే నేను ఊకోను,” అంది మొగులమ్మ.

తర్వాత ఒక్కొక్కరూ విడివిడిగా వచ్చి అతని చెవిలో అడిగారు. “మూడు గంటలు పక్కానా సారూ? నడుమ లైటు రాదు గద?” బీరంగూడలో సొంత భార్య నమ్మని పనిని ముక్కూముఖం తెలియని ఊరు ఇంత శ్రద్ధగా పట్టించుకుంటోంది.

ఎనిమిదింటికి ఊరు ఊరంతా ఆరిపోయింది. ఆకాశం నెత్తిమీదికి దిగివచ్చింది. చంద్రకాంత్ ధ్రువ నక్షత్రానికి గురి సరిచూసుకుని ట్రాకర్ నడిపించి ఫోటోలు మొదలుపెట్టాడు.

కాసేపటికి చుట్టూ ధనాధన్ చప్పుళ్లు. కుక్కలు ఒకటే మొరుగుడు.

“తాతా, ఏందది?”

“అడివి పందులు సారూ. మీరు కిందికి సూడకుండ్రి, మీదికే సూడుండ్రి.” పోచయ్య గొంతు ఎక్కడో గట్టవతల నుంచి, రొప్పుతూ వచ్చింది.

తన ఫోటో కోసం ఈ వయసులో పందులను తోలుతున్నాడు మహానుభావుడు. చంద్రకాంత్‌కు కళ్లు చెమర్చాయి. తెర మీద ఆండ్రోమెడా నల్లటి చారలతో సహా సుడి తిరుగుతూ తేలింది. వెంటనే స్నిగ్ధకు ఫోన్ చేశాడు.

“ఇది లెన్సు మీది దుమ్ము గాదు. నా కోసం ఊరు ఊరంత చీకట్ల కూసున్నది.”

“ఊర్కనే ఎవలు కూసుంటరు? జెర పైలం,” అంది స్నిగ్ధ.

ఆమెకు మనుషుల మీద నమ్మకం లేదనుకుని ఫోన్ పెట్టేశాడు.

పదకొండింటికి లైట్లు వచ్చాయి. అందరూ చేతులు కడుక్కుని మరీ ఫోటో చూడటానికి వచ్చారు. “మంచిగున్నది సారూ,” అన్నారు, ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ. ఫోటోను పటం కట్టించి పంచాయతీ ఆఫీసుకు ఇస్తానని అతను మాటిచ్చాడు. ఆ రాత్రి పోచయ్య ఇంట్లోనే పడుకోబెట్టారు. పొద్దున మొగులమ్మ సంచెడు కందికాయలు చేతిలో పెట్టింది.

పొలిమేర దగ్గర సర్వే జీపు ఎదురైంది. చంద్రకాంత్ బండి ఆపి, “బంగారమసొంటి మనుషులు సార్, జెర మంచిగ చూసుకోండి,” అని సర్వేయరుకు చెప్పి మరీ కదిలాడు.

ఊళ్లో ఒక్క హద్దురాయి కూడా నిన్న ఉన్నచోట లేదు.