రక్కసుడి గజ్జెలు

"నా కాటుక భరిణె ఎవురు ముట్టినారు?"

రుద్రమ్మ అడిగింది అత్తను. చూసింది మాత్రం మొగుణ్ణి.

బసవరాజు మగ్గం గుంటలోంచి తల ఎత్తలేదు. "రొంత తీసుకున్నా. మీసానికి ఎట్లుంటాదో అని."

"రొంతనా? అడుగు కనపడతాంది. ఆ పాడు మీసానికి పొయ్యి మసి సాలదా?"

"మసి అయితే చెమటకు కారిపోతాది."

"కారిపోనీ. మీసం లేని రక్కసుణ్ణి సూసి జనం నవ్వనీ."

రాట్నం మీద కండెలు చుడుతున్న అత్త ఉచ్చీరమ్మ కల్పించుకుంది. "దాని ఏడుపు కాటుక కోసం కాదులేప్పా."

నిజంగానే కాదు. ఎమ్మిగనూరు జాతరలో ఏటా ఆడే వీధినాటకం, బయలాటలో రాజు వేషం శంకరన్నది, రక్కసుడి వేషం బసవరాజుది. ఆట చివర రక్కసుడు రాజు బాణం తగిలి చచ్చిపడిపోవాలి. రుద్రమ్మకు ఇప్పుడు ఐదో నెల. ఇంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. రెండూ జాతర అయిన కొద్ది రోజులకే పోయాయి. కడుపుతో ఉన్నదాని మొగుడు ఆటలో అయినా చావకూడదని వీధిలో ఆడవాళ్ళంతా ఒకటే మాట.

ఈసారి ఆట నేర్పే అయ్యవారే ఒక దారి చూపించాడు. శంకరన్నకు వయసైంది, నువ్వే రాజు కట్టు, రక్కసుడికి కౌతాళం ఊరి నుంచి ఎవరినైనా పిలిపిస్తాను అన్నాడట. బసవరాజు ఒప్పుకోకుండా లేచి వచ్చాడట. ఆ సంగతి రుద్రమ్మకు మొగుడు చెప్పలేదు. నీళ్ళకు పోయినప్పుడు బావి దగ్గర తెలిసింది.

"రాజు వేషం ఇస్తామంటే వద్దన్నోణ్ణి నిన్నే సూస్తాండా," అంది. "రాజుకు హారతి పడతారు. నీకేం పడతారు? పోయినేడు కాలి చెప్పు వచ్చి పడింది."

అది అబద్ధం కాదు. పోయిన ఏడు యుద్ధం పాట సగంలో ఉండగా రాజు వేదిక అంచు దాకా వచ్చాడు. రక్కసుడు ఉరికి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని నడిమికి ఈడ్చాడు. కథలో లేని పని. రాజు ఒంటి మీద చెయ్యి వేస్తాడా అని జనం లేచి తిట్టారు. ఎవరో చెప్పు విసిరారు. రుద్రమ్మ తలవంచుకుని ఆట మధ్యలోనే ఇంటికి వచ్చేసింది.

"ఆ అరుపు ఒకటి," అంది ఉచ్చీరమ్మ. "ఏ ఊర్లోనైనా రక్కసుడు వచ్చేటప్పుడు ఒకసారి అరుస్తాడు, పోయేటప్పుడు ఒకసారి అరుస్తాడు. నీ మాదిరి అడుగడుక్కీ గొంతు చించుకునేటోణ్ణి నేను సూడలే. కాళ్ళకేమో ఎద్దుకు కట్టినన్ని గజ్జెలు."

"నేను అరవకుంటే రాజు బాణం యాడికి ఏస్తాడుమా?"

"మాటలకేం తక్కువ లేదు. శంకరన్నను సూసి నేర్చుకో. రాజంటే అట్లుండాల. రెప్ప కొట్టడు. ముందర ఎవురు కూర్చున్నా వాళ్ళ తలల మీదుగా సూస్తాడు, మీరంతా నాకు లెక్క కాదన్నట్ల."

బసవరాజు మగ్గం మీదికి వంగాడు. తెగిన పోగు వెతికి ముడి వేసుకున్నాడు.

సాయంత్రం రుద్రమ్మ అత్తకు చెప్పి శంకరన్న ఇంటికి బయలుదేరింది. తండ్రి పోయాక బసవరాజును గుంటలో కూర్చోబెట్టి మగ్గం నేర్పింది ఆయనే. ఆయన చెబితే మొగుడు కాదనడు.

పొద్దు కుంకుతోంది. ప్రపంచ యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరకని రోజులు. శంకరన్న ఇంట్లో దీపం లేదు. మగ్గం మాత్రం ఆడుతూనే ఉంది.

"శంకరన్నా, నేను, రుద్రమ్మను."

"రా తల్లీ. మొగుడు పంపినాడా, మొగుని మీద చెప్పుకోడానికి వచ్చినావా?"

నవ్వబోయి ఏడ్చేసింది. పోయిన రెండు కడుపుల సంగతీ, ఇప్పటి భయమూ చెప్పుకుంది. రాజు వేషం ఈ ఒక్క ఏడు వదులుకోమని అడిగింది.

మగ్గం ఆగింది.

"వాడు నాతో ఈ మాటే అనలేదే," అన్నాడు శంకరన్న. "ఈ అట్ట కిరీటం బిడ్డ కంటే ఎక్కువా తల్లీ. తీసుకుపో."

గుంటలోంచి లేచి, గోడకున్న కిరీటం తీసి, రెండు చేతులతో ముందుకు చాచాడు. రుద్రమ్మ పక్కకు జరిగి అందుకుంది. అందుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. తర్వాత దాన్ని మళ్ళీ ఆయన చేతుల్లోనే పెట్టింది.

"నీ దగ్గరే ఉండనీ అన్నా," అంది.

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించింది. జొన్న సంగటి ముద్దలు, పుంటికూర పప్పు వడ్డించేదాకా ఉచ్చీరమ్మ ఓపిక పట్టింది.

"ఏమన్నాడు శంకరన్న?"

బసవరాజు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఆయప్ప దగ్గరికి పోయినావా?"

"పోయినా. రాజు వేషం నీకే ఇస్తానన్నాడు."

"సల్లగుండనీ మారాజు," అంది ఉచ్చీరమ్మ.

"నేనే వద్దన్నా అత్తా. ఈసారీ నీ కొడుకు రక్కసుడే."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? కడుపులో బిడ్డ మాటేంది?"

రుద్రమ్మ చెయ్యి కడుపు మీదికి పోయింది. ఇంకో చేత్తో కాటుక భరిణె తెచ్చి మొగుడి కంచం పక్కన పెట్టింది.

"గజ్జెలు ఇంకో వరస కట్టుకో, పోయినేటి కంటే గట్టిగా అరువు," అంది. "శంకరన్నకు ఇప్పుడు రెండు కండ్లూ బొత్తిగా కనపడవు."