షాహెదా ఇచ్చిన మాట

అయ్యప్ప పడిపూజకు స్వాములంతా వచ్చి కూర్చున్నారు. అరటి బోదెలతో మండపం కట్టారు. భజన మంచి ఊపు మీదుంది. సరిగ్గా అప్పుడే ఒక పిల్లి పై అంతస్తు మెట్లు దిగి వచ్చి, నోట్లోని మటన్ ఎముకను మండపం ముందు పెట్టుకుని తీరిగ్గా కొరకడం మొదలుపెట్టింది.

భజన ఆగిపోయింది.

ఇల్లుగలామె కౌసల్యమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. పై అంతస్తులో కిరాయికి ఉండేది ఒక్కటే సంసారం, యాకూబ్, అతని భార్య షాహెదా. యాకూబ్‌ది ఎయిర్‌పోర్ట్‌లో సరుకులెత్తే పని.

"నేను ముందే చెప్పిన గద పెద్దమ్మా," అన్నాడు పక్కింటి రాఘవేందర్. ఆ మాట అనడానికే ఇన్నాళ్లూ కాచుక్కూచున్నట్టు అన్నాడు.

ముందే చెప్పిన మాట నిజమే. యాకూబ్ ఇల్లు అడగడానికి వచ్చిన రోజున మామిడిపల్లిలో ఆ గల్లీ గల్లీ అంతా వద్దంది. కౌసల్యమ్మ కొంగు నడుముకు దోపి మరీ అందరి నోళ్లూ మూయించింది.

"పహాడీ షరీఫ్ దర్గా గుట్టెక్కి మొక్కితే పుట్టిండు నా కొడుకు. గా బాబా కావాలె గని, సాయిబులకు ఇల్లు కిరాయికియ్యొద్దా? ఇల్లు నాది, నా ఇష్టం."

అంతకుముందు ఆ దంపతులు ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఎక్కని గడప లేదు. పేరు చెప్పగానే, ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం అనేవారు. అందుకే షాహెదాకు కౌసల్యమ్మంటే ప్రాణం. రంజాన్‌కు సేమియా కిందికి దిగేది. బతుకమ్మకు సత్తుపిండి పైకెక్కేది. కోడలు సుమలతకైతే మధ్యాహ్నం కునుకు కూడా పైనే.

ఆ సుమలత ఇప్పుడు కడుపుతో ఉంది. తొలికాన్పు క్షేమంగా జరగాలని మామ ఐలయ్య అయ్యప్ప మాల వేసుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచి "ఏమయ్యో" అని కేకేసిన మొగుణ్ణి "స్వామీ" అని పిలవడానికి కౌసల్యమ్మకు నోరు తిరిగేది కాదు గానీ, నిష్ఠలో మాత్రం లోటు రానివ్వలేదు. ఇంట్లో కోడిగుడ్డు కూడా బంద్.

ఎవరూ అడగకుండానే షాహెదా కిందికి వచ్చి చెప్పింది.

"బాపు మాల తీసేదాక మేం గూడ నీసు ముట్టమమ్మా. సుమ బిడ్డ మాకు పరాయిదా ఏంది?"

కౌసల్యమ్మ ఆ మాటను గల్లీ అంతా చెప్పుకుని మురిసింది. స్వామి దయ కూడా తొందరగానే కనిపించింది. మొదట్లో పప్పు వాసనకే కక్కుకున్న కోడలు మెల్లగా తేరుకుంది. మొహంలో కళ వచ్చింది.

ఇప్పుడు ఆ మురిపెమంతా పిల్లి నోట్లో ఉంది.

కౌసల్యమ్మ ఊగిపోతూ మెట్లెక్కింది. వెనకే సుమలత, ఆ వెనక సగం గల్లీ. పైన వంటగదిలో చెత్తడబ్బా బోర్లా పడి ఉంది. నేల మీద ఇంకా నాలుగు ఎముకలు.

"ఇదేందే?"

షాహెదా వంగి చెత్తడబ్బాను నిలబెట్టింది.

"నేనడిగిన్నా నిన్ను? నువ్వే గద మాటిచ్చినవ్! నా కోడలి కడుపుల బిడ్డ కోసం వేసుకున్న మాలనే అది. గా పసిగుడ్డు మీద గూడ నీకు దయ లేకపాయెనా?"

షాహెదా తలెత్తి, గడపలో నిలబడ్డ సుమలతను ఒక్కసారి చూసింది. సుమలత చూపు దించుకుంది. పాపం, ఆ పిల్లకు ఎంత కష్టం తోచిందో అనుకున్నారు వెనకవాళ్లు.

"తప్పయిందమ్మా," అంది షాహెదా. "ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యమనకు. ఈడ ఇల్లు దొరకక ఎంత పరేషాన్ అయినమో నీకెరుకే."

"నీకోసం గల్లీ అంతటితోని కొట్లాడిన. నా ఇజ్జత్ తీసినవ్. రేపు పొద్దుగాల్ల తాళంచెయ్యి నాకియ్యాలె. ఇగ ఈ ఇంట్ల మీవోళ్లకు జాగ లేదు."

ఆ చివరి మాటకు రాఘవేందర్ తలాడించాడు.

డ్యూటీ నుంచి వచ్చిన యాకూబ్ ఎముకలనూ భార్య మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. ఎందుకిట్ల చేసినవని అడిగాడు. ఆమె లేచి సామాను మూట కట్టడం మొదలుపెట్టింది.

తెల్లారి ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. జల్‌పల్లిలో ఎవరో చుట్టాల ఇంట్లో ఒక మూల దొరికిందట. షాహెదా తాళంచెవి తెచ్చింది. కౌసల్యమ్మ చెయ్యి చాపలేదు.

"అరుగు మీద పెట్టు."

పెట్టింది. పోతూ పోతూ సుమలత దగ్గర ఆగింది.

"పానం జాగ్రత్త, సుమా."

సుమలత లోపలికి వెళ్లిపోయింది. ఆటో గల్లీ మలుపు తిరిగింది. అప్పుడు కౌసల్యమ్మ ఏడ్చింది. రాఘవేందర్ మాట నెగ్గినందుకు కాదు. కూతురనుకున్న మనిషి ఇంత మోసం చేసినందుకు ఆమె గుండె మండిపోయింది.

మధ్యాహ్నం కోడలికి పప్పన్నం కలిపి తెచ్చింది. సుమలత పళ్లెం పక్కకు జరిపి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అసొంటి దానికోసం ఏడుస్తవేందే పిచ్చిదానా," అని కౌసల్యమ్మ తల నిమిరింది. "నమ్మినోళ్లే గిట్ల చేస్తే మనమేం జేస్తం?"

పప్పు సయించడం లేదని బతిమాలి, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని, మధ్యాహ్నాలు షాహెదాతో వండించుకున్న ఆ మటన్ కూరంతా తిన్నది తనేనని సుమలత అప్పుడు కూడా చెప్పలేదు.