ఫారం రాసిపెట్టినాయన

తవిటయ్య ఫారం రెండోసారీ తిరిగొచ్చేసింది.

"ఏడేళ్ళు మిలిటరీలో ఉన్నానని రాస్తే సరిపోతుందా? ఏం పని వచ్చో రాయాలి. రేపే ఆఖరు" అన్నాడు గుమాస్తా.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి ఏడాది. ఖరగ్‌పూర్‌ రైల్వే కార్ఖానాలో మాజీ సైనికులకని డీజిల్ ఫిట్టరు ఉద్యోగం ఒకే ఒక్కటి పడింది. అది పోతే తవిటయ్య కూడా తండ్రిలాగే ఖలాసీగా బరువులు మోసుకోవాలి. సైన్యంలో నేర్చిన పనంతా గంగలో కలిసినట్టే.

కార్ఖానా గేటు ఎదుట టీకొట్టు బల్లమీద కూలబడ్డాడు.

పక్కన ఖాకీ ప్యాంటు మనిషొకడు టీ తాగుతున్నాడు. నలభైకి దగ్గరపడ్డవాడు. జేబులో కలం.

"ఫారం ఎనక్కిచ్చీసినారేటి బాబూ?"

"ఊఁ."

"ఏ పోస్టు?"

"డీజిల్ ఫిట్టరు. మిలిటరీవోళ్ళకి ఒక్కటే ఉంది."

ఆయన కార్ఖానా గేటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపాడు.

"ఇలా తే."

చదివి నవ్వాడు.

"కొండల్లో యుద్ధం సేసినానని రాసినావు. రైలుకి యుద్ధమెందుకు నాయనా? అక్కడ నీ సేతులేటి సేసినాయి?"

"లారీలు బాగుసేసినాను."

"అలాగ కాదు. ఏ ఇంజను ఇప్పినావు? ఎన్ని గంటల్లో బిగించినావు? ట్రైనింగు ఎన్ని వారాలు?"

తవిటయ్య చెబుతూపోయాడు, ఆయన రాసుకుంటూపోయాడు. తనకు ఇంత పని వచ్చని తవిటయ్యకే అప్పుడు తెలిసింది.

"పనిలో ఓడిపోతే ఓడిపో. కాయితంలో మాత్రం ఓడిపోకూడదు. నీ డిశ్చార్జి పుస్తకం ఇచ్చీ. ట్రైనింగు పేజీలకి నకళ్ళు టైపు సేయించి, ఆఫీసరు సంతకం పెట్టించి సాయంత్రానికి తెస్తాను."

పుస్తకం ఇచ్చేశాడు గానీ, ఆయన సైకిలు మలుపు తిరగ్గానే తవిటయ్యకు అనుమానమొచ్చింది. ఆ పుస్తకం పోతే చేసిన సర్వీసుకు రుజువే లేదు. పుస్తకాలు గుప్పిట్లో పెట్టుకుని వందలు గుంజే దళారులు ఆ గేటు ముందే తిరుగుతారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. గేటు ముందు కలం పట్టుకు కూర్చున్న మనిషి ఇంకెవరవుతాడు?

ఐదైంది. ఆరైంది. ఆయన రాలేదు.

తవిటయ్య వెళ్ళి గేటు దర్వానుతో చెప్పేశాడు.

"దాదా, దలాల్ ఒకడు నా పుస్తకం ఎత్తుకుపోయినాడు."

ఆరున్నరకు ఆయన రొప్పుతూ వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"సంతకం పెట్టే ఆఫీసరు హిజ్లీలో ఉన్నాడంటే అక్కడి దాకా ఎల్లినాను బాబూ..."

మాట పూర్తికానివ్వకుండా దర్వాను కాలరు పట్టుకున్నాడు.

"దలాల్! మళ్ళీ ఈ గేటు దగ్గర కనిపించావో, లోపలేయిస్తా!"

టీకొట్టంతా లేచి చూస్తోంది. తవిటయ్య పుస్తకం లాక్కున్నాడు.

ఆయన కాలరు సర్దుకున్నాడు.

"ఫారం, నకళ్ళు అన్నీ అందులోనే ఉన్నాయి. సంతకం పెట్టి రేపు ఇచ్చీ. మర్సిపోకు."

ఇంట్లో భార్య దాలమ్మ అంతా విన్నది.

"డబ్బులేటైనా అడిగినాడా మావా?"

"లేదు."

"మరి దలాలెలాగైనాడు?"

తవిటయ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. అయినా మర్నాడు ఆ కాగితాలే పట్టుకెళ్ళి ఇచ్చాడు. సిగ్గుపడుతూనే ఇచ్చాడు.

ఫారం ఈసారి తిరిగి రాలేదు. మూడు వారాలకు పరీక్షకు పిలుపొచ్చింది.

పరీక్ష రోజు పొద్దున గేటు దగ్గర గొడవ. చూస్తే ఆ మనిషే. చేతిలో ఏదో కాగితం. ఎదురుగా అదే దర్వాను.

"ఒక్కసారి సదువు బాబూ, సదువు!"

"నీ దొంగకాగితాలు నాకు చూపించకు. హటో!"

ఆయన తవిటయ్యను చూశాడు.

ఒక్క మాట చాలు. 'పొరపాటు నాదే దాదా, ఈయన దలాల్ కాడు' అంటే చాలు. కానీ దర్వాను తననే నిలదీస్తే? పరీక్షకు ఆలస్యమైతే? తిరిగొచ్చేటప్పుడు చెబుదాంలే అనుకుని, తవిటయ్య తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. పిరికివాడికి తిరుగుదారిలో ఎప్పుడూ బోలెడంత తీరిక ఉంటుంది.

పరీక్ష పెట్టింది ఫోర్‌మన్ గణపతిరావు. ఇంజను పంపు విప్పి మళ్ళీ బిగించమన్నాడు. తవిటయ్య చేతులు తడబడలేదు.

"బాగుందిరా. ఉద్యోగం నీదే. పోటీకి ఇంకొకణ్ణి పిలిచినాం, రానేలేదు. పదింటి దాకా సూసినాను. పాపం, ఈ నెలతో వయసు దాటిపోతాది. ఇంక దరఖాస్తు పెట్టడానికైనా ఉండదు."

"ఎవరండీ?"

"ఆమోసు అని, మిలిటరీలో హవల్దారు. పద్దెనిమిదేళ్ళు ఇంజన్లతోనే బతికినోడు. ఆడే వొచ్చుంటే నీకు కష్టమయ్యేది. అది సరేగాని, మీ ఇద్దరూ ఒకడి సేతే రాయించినారేటి?"

గణపతిరావు రెండు దరఖాస్తులూ పక్కపక్కన పెట్టాడు.

ఒకే చేతిరాత.

ఆమోసు దరఖాస్తు మూల అంటించిన ఫొటోలో ఉన్నది, తన ఫారం రాసిపెట్టినాయనే.