ఇంట్లో అనకూడని మాట

"ఆపరేషనై మూడు రోజులైంది. గ్యాస్ పోతేగానీ పాప పేగు కదిలినట్టు కాదమ్మా. అప్పటిదాకా చుక్క నీళ్ళు పట్టొద్దు. సాయంత్రానికీ పోకపోతే మళ్ళీ కడుపు తెరవాల్సి రావచ్చు," అన్నాడు డాక్టరు.

నా ఐదేళ్ళ కూతురి పెదాలు తడిగుడ్డతో తుడిచాను. గుడ్డని చప్పరించబోయింది.

"పోయిందా తల్లీ?"

తల అడ్డంగా ఊపింది. పొద్దున్నుంచి పదోసారి.

మొన్నమొన్నటిదాకా దాని నోట్లో పిత్తుల జోకులు తప్ప ఇంకోటి ఉండేది కాదు. చుట్టాల ముందు నా పరువు తీసిందని, "ఇంకోసారి ఆ మాటెత్తావంటే నోరు కుట్టేస్తా," అన్నాను. దెబ్బకి మానేసింది. నా పెంపకానికి నేనే మురిసిపోయాను.

ఇప్పుడు వార్డంతా చూస్తుండగా మోచేతి మడతలో నోరు పెట్టి, దానికిష్టమైన ఆ చప్పుడే చేశాను. "ఒక్కటి, బంగారం. నీ కాళ్ళు పట్టుకుంటా."

నవ్వలేదు. నర్సు వెళ్ళేదాకా ఆగి, నా చెవి దగ్గరికి లాక్కుంది.

"నిన్ననే వచ్చిందమ్మా. చాలాసార్లు."

"మరి చెప్పవేం?"

కడుపు మీది కట్టు తడుముకుంది.

"ఇక్కడ నిజంగానే కుట్టేస్తారుగా," అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.